బండి ఎక్కిన బండి

ముందుగా ఒక మాట. మన ఊళ్ళో బైకు అంటే మోటారు సైకిలు. విమానం దిగి ఇక్కడ కాపరం పెట్టిన కొన్నాళ్ళకి బైకు అంటే తొక్కే సైకిలే అని నాలుకకి అలవాటవుతుంది. ఈ వ్యాసం ఆ రెండో రకం బైకు గురించి. తికమక లేకుండా దాన్ని సైకిలు అనే పిలుస్తాను.

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మన సామెత. సైకిలు తొక్కడానికి కారులో వెళ్ళడం ఈ సామెతకి అమెరికా ఉదాహరణ. ఇంటి ముందు రోడ్డు మీద గంటకి 45 మైళ్ళ వేగంతో కార్లు పోతుంటాయి. పిల్లలతో నిశ్చింతగా తొక్కాలంటే ఏ నది ఒడ్డునో, పాత రైలు కట్ట మీదనో వేసిన బాట దగ్గరికి వెళ్ళాలి. వర్జీనియాలో మనవాళ్ళు దండిగా ఉండే హెర్న్‌డన్, యాష్‌బర్న్ ఊళ్ళ మీదుగా పోయే డబ్ల్యూ అండ్ ఓడీ బాట అలాంటిదే. ఒకప్పటి రైలు మార్గం మీద 45 మైళ్ళ పొడుగున ఉంటుంది. మీ ఊళ్ళోనూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. చిక్కల్లా సైకిళ్ళని అక్కడికి చేర్చడమే.

చిన్నప్పుడు ఎర్రబస్సు టాపు మీదికి సైకిలు ఎక్కించి, తాడుతో నాలుగు చుట్లు చుట్టి, ఊరు చేర్చిన వాళ్ళని చూసినవాళ్ళమే మనం. ఇక్కడ బస్సు టాపు లేదు. ఇంటి ముందు మినీవానో, ఎస్‌యూవీయో ఉంది. అందులో సైకిలుని నిలువుగా, అంటే నేల మీద ఎలా నిలబడుతుందో అలాగే, నిలబెట్టి తీసుకువెళ్ళడం ఎలాగో చూద్దాం. నిలబెట్టడం తేలికే. అసలు ప్రశ్న వేరే ఉంది: గట్టిగా బ్రేకు వేసినప్పుడు, అంతకంటె పెద్ద ప్రమాదమే జరిగినప్పుడు, ఆ సైకిలుని పట్టుకుని ఉండేది ఏది? ముందు సీట్లో మీరూ, వెనక పిల్లలూ ఉన్న కారులో ఈ ప్రశ్నకి సమాధానం తెలియకుండా బయలుదేరకూడదు.

బయటా, లోపలా?

సైకిలుని కారుతో మోయించడానికి నాలుగు దారులున్నాయి. కారు నెత్తి మీద పెట్టడం. వెనక తలుపుకి పట్టీలతో వేలాడదీయడం. కారు అడుగున హిచ్ బిగించి, దానికి తగిలించిన స్టాండు మీద పెట్టడం. కారు లోపల పెట్టడం.

నెత్తి మీద పెడితే లోపల జాగా అంతా మనదే. కాని లెక్క చూడండి. ఎస్‌యూవీ ఎత్తు అయిదున్నర అడుగుల పైమాటే. దాని మీద సైకిలు మూడున్నర అడుగులు. మొత్తం తొమ్మిది. మన గరాజు తలుపు ఎత్తు మామూలుగా ఏడడుగులు. రోజంతా తొక్కి అలిసిపోయి ఇంటికి వచ్చి, అలవాటు కొద్దీ రిమోటు నొక్కి కారు లోపలికి పోనిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కరలేదు. పైగా నెత్తి మీద ఏది పెట్టినా గాలి అడ్డుపడుతుంది. నెత్తి మీద పెద్ద సామాను పెట్టె పెడితే హైవే వేగాల దగ్గర మైలేజీ పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పడిపోవచ్చని అమెరికా ప్రభుత్వపు ఇంధన సమాచారం చెబుతోంది. సైకిలు ఆ పెట్టె అంత మొండిగా గాలిని అడ్డుకోదు కాని, ఊరికే మాత్రం వదలదు.

వెనక తలుపుకి వేలాడదీసేది చవక, కాని పెయింటు గీసుకుపోతుంది. హిచ్ స్టాండు నలుగురికి నాలుగు సైకిళ్ళు ఉన్న ఇంటికి మంచిదే. కాని హిచ్, స్టాండు కలిసి ఖర్చు బాగానే తేలుతుంది. లీజుకి తీసుకున్న కారుకి హిచ్ వేయించడానికి చాలామందికి మనసొప్పదు. నంబరు ప్లేటు కప్పబడితే పోలీసులు ఆపవచ్చు. ఇంగ్లండులో అయితే వెనక ఇంకో ప్లేటు, దీపాలు తగిలించాలి. దారిలో భోజనానికి ఆగితే సైకిళ్ళ మీద ఒక కన్ను వేసి ఉంచాలి. వాన పడితే చైనూ, బేరింగులూ తడుస్తాయి.

లోపల పెడితే ఈ బాధలేవీ లేవు. దానికి బదులుగా మనం ఇచ్చుకునేది జాగా. కాబట్టి ఇది అందరికీ పనికొచ్చే పద్ధతి కాదు. ఇద్దరు ముగ్గురు మనుషులు, రెండు సైకిళ్ళు అయితే బ్రహ్మాండంగా ఉంటుంది. మినీవాను అయితే నలుగురూ, మూడు సైకిళ్ళూ కూడా పట్టవచ్చు. అంతకు మించితే హిచ్ వైపు చూడడమే మేలు.

పడుకోబెడితే పోదా?

సీట్లు మడిచి, సైకిలుని పక్కకి పడుకోబెట్టి తలుపు వేసేస్తే సరిపోదా అని అడగవచ్చు. ఒక సైకిలు, ఒక మనిషి, పది నిమిషాల ప్రయాణం అయితే సరిపోతుంది. అప్పుడు కూడా గేర్లు పైకి వచ్చేటట్టు, అంటే ఎడమ పక్కకి, పడుకోబెట్టాలి.

గేర్లు ఎప్పుడూ కుడి పక్కనే ఉంటాయి. చైనుని ఒక పళ్ళ చక్రం మీదనుంచి ఇంకో దాని మీదికి తోసే భాగాన్ని డిరైలర్ అంటారు. చాలా సైకిళ్ళలో దాన్ని ఫ్రేముకి కలిపేది హ్యాంగరు అనే చిన్న అల్యూమినియం ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేము పోకుండా ముందు తనే వంగాలని దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. మన ఇళ్ళల్లో ఫ్యూజు లాంటిది అనుకోండి. సైకిలు కుడి పక్కకి పడుకుంటే బరువంతా ఆ ఫ్యూజు మీదే. రెండు మిల్లీమీటర్లు వంగితే చాలు, చైను చెప్పిన మాట వినదు. ఇంకా వంగితే డిరైలర్ వెళ్ళి చక్రం పుల్లల్లో ఇరుక్కోవచ్చు.

రెండో సైకిలు వచ్చేసరికి అసలు కథ మొదలవుతుంది. దాన్ని మొదటి దాని మీద పడుకోబెట్టాలి. ఒకదాని పెడలు ఇంకొకదాని పుల్లల్లో దూరుతుంది. మధ్యలో పాత దుప్పటి వేస్తాం, దుప్పటికి చైను మడ్డి అంటుతుంది, అది సీటుకి అంటుతుంది. పడుకున్న సైకిలు కారు వెనక భాగాన్నంతా ఆక్రమిస్తుంది. నిలబడ్డ సైకిలుకి హ్యాండిలు ఉన్నంత వెడల్పు చాలు. పుస్తకాలు పడుకోబెట్టి పేర్చడానికీ, బీరువాలో నిలబెట్టడానికీ ఉన్న తేడాయే ఇదీను.

కొలతలు

పెద్దవాళ్ళ సైకిలు ఒకటి ఊహించుకుందాం. రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 100 సెం.మీ. టైరుతో సహా చక్రం వ్యాసార్థం 34 సెం.మీ. అంటే మొత్తం పొడుగు 34, 100, 34 కలిపి 168 సెం.మీ. హ్యాండిలు ఎత్తు 100 సెం.మీ., సీటు ఎత్తు 95 సెం.మీ. అనుకుందాం. ఇది ఉన్నది ఉన్నట్టుగా ఏ మామూలు కారులోనూ నిలబడదు.

ఇప్పుడు ముందు చక్రం తీసి, ఫోర్కు కాళ్ళని నేలకి ఏడు సెంటీమీటర్ల ఎత్తులో ఒక పలకకి బిగిద్దాం. ముందు భాగం 27 సెం.మీ. కిందికి దిగింది. హ్యాండిలు ఎత్తు 73 కి వచ్చింది. పొడుగు 134 కి తగ్గింది. ఇక అడ్డుపడేది సీటు ఒక్కటే. వెనక చక్రం అలాగే ఉంది కాబట్టి సీటు పెద్దగా దిగదు. సీటు గొట్టాన్ని లోపలికి నెట్టేస్తే, లేదా ఊడదీసి పక్కన పెడితే, మొత్తం ఎత్తు 75, 80 సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. ఊడదీసే ముందు గొట్టం మీద ఎలక్ట్రికల్ టేపుతో ఒక గుర్తు పెట్టుకోండి. మళ్ళీ పెట్టేటప్పుడు ఎత్తు వెతుక్కోనక్కరలేదు.

కారు కొలవడంలో ఒక మెలిక ఉంది. బ్రోషరులో ఇచ్చే ఎత్తు నేల నుంచి కప్పు దాకా. సైకిలు దూరవలసింది వెనక తలుపు ద్వారం గుండా. అది కప్పు కంటె తక్కువ ఎత్తులో ఉంటుంది. కాబట్టి ద్వారం ఎత్తు, చక్రాల గూళ్ళ మధ్య వెడల్పు, ముందు సీట్ల వెనక నుంచి తలుపు దాకా పొడుగు, ఈ మూడూ టేపు పెట్టి మీరే కొలుచుకోండి. మినీవానుల్లో నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ పలక నేల మీద పరుచుకునేటంత జాగా ఉంటుంది. ఎస్‌యూవీల్లో కొంచెం తక్కువ.

సీట్లు ఎలా కదులుతాయో కూడా చూసుకోవాలి. హోండా ఆడిస్సీలో మధ్య వరస సీట్లు ఊడదీసి గరాజులో పెట్టేయవచ్చు. క్రైస్లర్ పసిఫికా పెట్రోలు మోడళ్ళలో అవి నేలలోకి మడుచుకుపోతాయి, హైబ్రిడ్‌లో మాత్రం ఆ గుంటలో బేటరీ ఉంటుంది. టయోటా సియెనా 2021 మోడలు నుంచి మధ్య వరస సీట్లు ఊడి రావు, ముందుకి మాత్రం జరుగుతాయి. పాత కార్లలో 2003 నుంచి 2011 దాకా అమ్మిన హోండా ఎలిమెంట్ సైకిళ్ళ వాళ్ళకి ఇప్పటికీ ముద్దు. దాని వెనక సీట్లు రెక్కల్లాగా పక్కలకి లేచిపోతాయి. హోండా ఫిట్ చిన్న కారే కాని, వెనక సీటు కూర్చునే భాగాన్ని సినిమా హాలు కుర్చీలా పైకి మడిస్తే నేల నుంచి కప్పు దాకా ఖాళీ దొరుకుతుంది. ఇదే కారుని ఇండియాలోనూ, ఇంగ్లండులోనూ జాజ్ అన్నారు.

ముందు చక్రం తీయడం

మన ఊరి సైకిలు చక్రం ఊడదీయాలంటే పానా కావాలి, పంక్చరు షాపు అబ్బాయి కావాలి. ఇక్కడి సైకిళ్ళలో చాలావాటికి ఒక్క మీట తిప్పితే చాలు. దీన్ని క్విక్ రిలీజ్ అంటారు. 1933లో ఇటలీలోని విచెంజాలో కంపెనీ పెట్టిన టూలియో కాంపన్యోలో పేరుతో ఇది లోకానికి పరిచయమయింది. బోలు ఇరుసు గుండా ఒక సన్నని కడ్డీ పోతుంది. దానికి ఒక కొసన నట్టు, రెండో కొసన మీట. మీటని మడిస్తే అది బల్ల చెక్కలాగా బిగుసుకుని ఫోర్కు కాళ్ళని రెండు వైపులనుంచీ నొక్కి పడుతుంది. మీటని మరలాగా గుండ్రంగా తిప్పి బిగించకూడదు, మడవాలి. మడిచాక అరచేతిలో మీట అచ్చు పడేటంత గట్టిగా ఉంటే సరిగ్గా బిగిసినట్టు.

మీట తెరిచినా చక్రం వెంటనే ఊడి రాదు. ఫోర్కు కొసల్లో చిన్న గట్లు ఉంటాయి. మీట వదులయినా చక్రం పడిపోకుండా కాపాడతాయి. కోర్టు కేసుల భయంతో పెట్టారని సైకిలు జనం వీటికి లాయరు పెదాలు అని పేరు పెట్టారు. నట్టుని మూడు నాలుగు చుట్లు వదులు చేస్తే చక్రం వాటిని దాటి వస్తుంది.

క్విక్ రిలీజ్ సైకిళ్ళకి ఇరుసు 9 మి.మీ., ఫోర్కు కాళ్ళ మధ్య దూరం 100 మి.మీ. ఈ మధ్య వస్తున్న డిస్కు బ్రేకు సైకిళ్ళలో త్రూ యాక్సిల్ అనే లావుపాటి ఇరుసు ఉంటుంది. రోడ్డు సైకిళ్ళకి ఎక్కువగా 12 మి.మీ., కొండ సైకిళ్ళకి 15 మి.మీ. కొండ సైకిళ్ళలో వెడల్పు 100 గాని 110 గాని కావచ్చు. ఫోర్కుని పట్టే మౌంటు కొనే ముందు మీ సైకిలుది ఏ రకమో చూసుకోండి. ఇది కేబులూ పోర్టూ లాంటి వ్యవహారం. చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, ఇంటికి తెచ్చాక దూరవు.

డిస్కు బ్రేకులు ఉంటే ఒక జాగ్రత్త. చక్రం తీసేశాక ఎవరూ ఆ బ్రేకు పట్టు నొక్కకూడదు. డిస్కు మధ్యలో లేదు కనక లోపలి పిస్టన్లు ముందుకి వచ్చేసి, ప్యాడ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కొత్త సైకిలుతో వచ్చే ప్లాస్టిక్ బిళ్ళ గాని, అంత మందం ఉన్న అట్టముక్క గాని ప్యాడ్ల మధ్యన దూర్చండి. తీసిన చక్రాన్ని డిస్కు మీద బరువు పడకుండా పెట్టండి. డిస్కుని చేత్తో ముట్టుకోకండి. తొక్కిన వెంటనే అయితే కాలుతుంది, చల్లారాక అయితే వేళ్ళ జిడ్డు అంటుతుంది.

పలక

బజారులో ఫోర్కు మౌంటు అనే చిన్న పరికరం దొరుకుతుంది. అరచేతిలో పట్టేటంత లోహపు దిమ్మ, దానికి క్విక్ రిలీజ్ లాంటి మీట. దీన్ని చెక్కకి బిగిస్తే పని అయిపోయింది. చెక్కకి హార్డ్‌వేరు కొట్లో టూ బై ఎయిట్ అని అడగండి. కొలిచి చూస్తే ఒకటిన్నర అంగుళాల మందం, ఏడుంపావు అంగుళాల వెడల్పు ఉంటుంది. కిలోబైటు అంటే వెయ్యి బైట్లు కాదని తెలిసిన మనకి ఇది ఆశ్చర్యం కలిగించకూడదు.

ఈ చెక్కని కారుకి అడ్డంగా వేసి, దాని మీద మౌంట్లు బిగించాలి. మరమేకులు వద్దు. మెత్తటి చెక్కలోంచి అవి కాలక్రమాన ఊడి వస్తాయి. చెక్క అడుగు దాకా రంధ్రం చేసి, బోల్టు దూర్చి, కింద వెడల్పాటి వాషరు వేసి, నట్టు బిగించండి. నట్లు కారు నేలని గీకకుండా అడుగు వైపు రంధ్రాన్ని కొంచెం వెడల్పుగా తొలిచి, వాటిని లోపలికి దించండి. అడుగున రబ్బరు పట్టా అతికిస్తే చెక్క జారదు.

రెండు మౌంట్ల మధ్య ఎంత దూరం ఉండాలి? రోడ్డు సైకిలు హ్యాండిలు 42, 44 సెం.మీ. ఉంటుంది. కొండ సైకిలుది 74 నుంచి 80 దాకా. రెంటినీ ఒకే వైపు తిప్పి పక్కపక్కన నిలబెడితే హ్యాండిళ్ళు కొట్టుకుంటాయి. ఫోర్కు బిగించి ఉంది కనక హ్యాండిలుని పక్కకి తిప్పే వీలు కూడా లేదు. దీనికి రెండు ఉపాయాలు. ఒక సైకిలు ముందుకి, రెండోది వెనక్కి చూసేటట్టు రెండు చెక్కలు వాడడం. లేదా ఒకదాన్ని రెండోదానికంటె ఒక జానెడు వెనక్కి జరపడం. ఈ పద్ధతిలో 35, 40 సెం.మీ. ఎడం చాలు.

పట్టు

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకి వద్దాం. ఫోర్కు బిగించాం, సైకిలు రాయిలా నిలబడింది. తలుపు వేసి బయలుదేరవచ్చా? ఇంకా కాదు. ఫోర్కు చెక్కని పట్టుకుంది. చెక్కని ఏది పట్టుకుంది?

లెక్క వేద్దాం. కారు గంటకి 30 మైళ్ళ వేగంతో, అంటే సెకండుకి 13.4 మీటర్లతో, పోతూ దేనికో గుద్దుకుని, ముందు భాగం నలిగి, 60 సెం.మీ. దూరంలో ఆగిపోయిందనుకుందాం. వేగం వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే త్వరణం వస్తుంది. సుమారు 150. అంటే గురుత్వాకర్షణకి 15 రెట్లు. కారుతో పాటు ఆగాలంటే ప్రతి వస్తువునీ దాని బరువుకి 15 రెట్ల బలంతో ఏదో ఒకటి వెనక్కి లాగి పట్టాలి. 12 కిలోల సైకిలుకి అది 180 కిలోల లాగుడు. లాగేది లేకపోతే సైకిలు ఆగదు. 30 మైళ్ళ వేగంతోనే ముందుకి పోతుంది. తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీదనుంచి, పడేసిన సైకిలుకి నేలని తాకేటప్పుడు ఉండే వేగం ఇదే. ఊళ్ళో వీధుల్లో మనం నడిపే వేగానికి ఫలితం ఇది. హైవే సంగతి చెప్పనక్కరలేదు.

సీటు వెనక భాగం ఆపుతుందిగా అనుకోవచ్చు. కొంతవరకు నిజమే. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 17వ దాని ప్రకారం వెనక సీటుని పరీక్షించేటప్పుడు 18 కిలోల దిమ్మలు రెండింటిని దాని వెనక పెట్టి, గంటకి 50 కి.మీ. వేగానికి సరిపడే తాకిడి ఇస్తారు. ఐరోపా దేశాలు పాటించే నిబంధన ఇది. కాని ఆ దిమ్మలు నున్నటి చదరపు పెట్టెలు. సైకిలుకి పెడళ్ళున్నాయి, పళ్ళ చక్రాలున్నాయి, హ్యాండిలు కొసలున్నాయి. పైగా మనం సైకిలు కోసం మడిచేసింది ఆ సీటునే.

కాబట్టి పట్టు మూడు చోట్ల ఉండాలి.

మొదటిది ఫోర్కు. ఇది అయిపోయింది. మౌంటు మీట కూడా అరచేతిలో అచ్చు పడేటట్టు మడవాలి.

రెండోది వెనక చక్రం. ఫోర్కుని పట్టుకున్న కడ్డీ గుండ్రంగా ఉంటుంది. సైకిలు దాని చుట్టూ ముందుకి తిరగగలదు. మామూలుగా గట్టిగా బ్రేకు వేస్తే పరవాలేదు. గరిమనాభి ఫోర్కు కంటె 40 సెం.మీ. ఎత్తులో, 60 సెం.మీ. వెనక ఉందనుకుంటే, గురుత్వాకర్షణకి ఒకటిన్నర రెట్లు దాటితే గాని వెనక చక్రం లేవదు. ఎంత గట్టిగా బ్రేకు వేసినా అంత రాదు. ప్రమాదంలో 15 రెట్లు వస్తుంది. అప్పుడు వెనక చక్రం సుమారు 65 కిలోల బలంతో పైకి లేవబోతుంది. దాన్ని వెల్క్రో ముక్క ఆపలేదు. వంద కిలోలకి పైగా తట్టుకునే బకిలు పట్టీ కావాలి. వెనక చక్రం కింద ఇంకో చెక్క వేసి, రెండు చెక్కల్నీ ఒక పొడుగాటి చెక్కతో నిచ్చెనలా కలిపేసి, చక్రాన్ని రిమ్ము మీదుగా దానికి కట్టేయడం మంచి పద్ధతి. మలుపుల్లో వెనక చక్రం తోకలా ఊగడం కూడా దీనితో ఆగుతుంది.

మూడోది, చాలామంది మరిచిపోయేది, చెక్కకీ కారుకీ మధ్య పట్టు. సామాను పెట్టే చోట నేలలో ఇనుప కొక్కేలు ఉంటాయి. కారుతో వచ్చిన పుస్తకంలో వాటి బొమ్మ, కొన్ని కార్లకి అవి ఎంత బరువు ఆపగలవో కూడా ఉంటుంది. రెండు సైకిళ్ళు 24 కిలోలు, చెక్క 6 కిలోలు, మొత్తం 30. పదిహేను రెట్లు అంటే 450 కిలోలు. హార్డ్‌వేరు కొట్లో దొరికే అంగుళం వెడల్పు రాచెట్ పట్టీల మీద పని బరువు 500 పౌన్లు అని రాసి ఉండడం మామూలు. అంటే 227 కిలోలు. అలాంటివి రెండయితే లెక్క అంచు మీద ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు వేస్తే గుండె మీద చెయ్యి వేసుకుని నడపవచ్చు. చెక్క ముందు అంచుని సీట్ల అడుగు భాగానికి ఆనించి, మధ్యలో ఖాళీ లేకుండా పెడితే ఇంకా మంచిది. ఖాళీ ఉంటే చెక్క ఆ ఖాళీలో వేగం పుంజుకుని గుద్దుతుంది.

రెండు వద్దులు. సాగే రబ్బరు తాళ్ళు వద్దు. అవి సామాను గలగలలాడకుండా పనికొస్తాయి గాని, లాగితే సాగుతాయి. పసిపిల్లల సీట్లు తగిలించే లాచ్ కొక్కేలు, ఐసోఫిక్స్ కొక్కేలు వాడడమూ వద్దు. వాటిని పిల్లల సీట్ల కోసమే తయారు చేశారు. అవి వంగితే చూడగానే తెలియదు. తెలిసే రోజు మంచి రోజు కాకపోవచ్చు.

పిల్లలు ఎక్కడ కూర్చోవాలి?

వెనక సీటులో ఒక భాగం మడిచి సైకిలు పెట్టి, మిగతా భాగంలో పిల్లవాణ్ణి కూర్చోబెట్టడం అందరికీ తట్టే ఆలోచన. సైకిలు పిల్లవాడి భుజం పక్కన ఉంటుంది. పక్కనుంచి ఇంకో కారు గుద్దితే మనం వేసిన లెక్కలేవీ వర్తించవు, హ్యాండిలు కొస ఎటు వస్తుందో చెప్పలేం. సైకిళ్ళన్నీ మనుషులందరికీ వెనక ఉండాలి అన్నది మంచి నియమం. మినీవాను అయితే మధ్య వరసలో పిల్లలు, వెనక వరస మడిచి సైకిళ్ళు. అయిదు సీట్ల కారు అయితే ఇద్దరు ముందు, సైకిళ్ళు వెనక. ముగ్గురో నలుగురో ఉన్నప్పుడు అయిదు సీట్ల కారుకి హిచ్ స్టాండే సరైనది. ఇది జాగా లెక్క కాదు, భద్రత లెక్క. ఎత్తి ఉంచిన సీటు వెనక భాగం టక్కుమని లాక్ అయిందో లేదో చేత్తో లాగి చూడండి. పక్క అద్దాల పైన తెరలాగా తెరుచుకునే గాలి సంచులు ఉంటాయి కనక, సైకిలుని ఆ గోడలకి ఆనించి నిలబెట్టకండి.

ఇంకొన్ని సంగతులు

చిన్న పిల్లల సైకిళ్ళకి ముందు చక్రం తీయనక్కరలేదు. పొట్టివి కనక అలాగే నిలబడతాయి. రెండు చెక్కముక్కల మధ్య గాడి చేసి, చక్రాలు అందులో దించి, అదే పట్టీలతో కట్టేయండి.

ఎలక్ట్రిక్ సైకిలు 25 కిలోలు ఉందంటే పదిహేను రెట్లు 375 కిలోలు. దానికి ఇంట్లో చేసిన చెక్క పనికిరాదు. అంత బరువు మోయగల హిచ్ స్టాండు వాడి, బేటరీ మాత్రం విడిగా తీసి కారులో పెట్టుకోండి.

దుబాయి, దోహా, ఫీనిక్స్ ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఎండ బెడద. ఎండలో మూసి ఉంచిన కారులో వేడి 60 డిగ్రీలు దాటగలదు. బేటరీలూ, గాలి నింపుకునే చిన్న గ్యాసు సీసాలూ అందులో వదిలి వెళ్ళకూడదు. ఎండలో నిలబెట్టిన సైకిలు ట్యూబు పేలుతుందని మన ఊళ్ళో పెద్దలు చెప్పే మాట ఉంది. లెక్క చూస్తే, 25 డిగ్రీల దగ్గర 80 పౌన్లు కొట్టిన టైరు 65 డిగ్రీల దగ్గర 93 చూపిస్తుంది. మంచి టైరు తట్టుకుంటుంది. పాత టైరయితే, లేదా పీడనం అప్పటికే టైరు మీద రాసిన గరిష్ఠం దగ్గర ఉంటే, బయలుదేరే ముందు కొంచెం గాలి వదలడంలో నష్టం లేదు.

బాట దగ్గరికి చేరాక ఇంకో పని ఉంది. చక్రం తిరిగి బిగించేటప్పుడు సైకిలుని నేల మీద నిలబెట్టి, ఇరుసు ఫోర్కు లోపలికి పూర్తిగా దిగాక మీట మడవండి. రిమ్ము బ్రేకు అయితే చక్రం తీయడానికి వదులు చేసిన కేబులు మళ్ళీ తగిలించండి. తరవాత ముందు భాగం ఎత్తి, టైరు మీద అరచేత్తో గట్టిగా ఒకటి చరచండి. చక్రం కదలకూడదు. రెండు బ్రేకులూ నొక్కి చూడండి. పిల్లల సైకిలుకి ఈ పరీక్ష మీరే చేయండి, వాళ్ళని తొందరపెట్టనివ్వకండి.

బయలుదేరే ముందు చేయవలసిన పరీక్ష కూడా ఒకటే. వెనక తలుపు తెరిచి, సైకిలు ఫ్రేముని రెండు చేతులతో పట్టుకుని, ముందుకీ వెనక్కీ, అటూ ఇటూ గట్టిగా ఊపండి. సైకిలు ఒక్కటే ఊగితే పట్టీలు ఇంకా బిగించాలి. చెక్క జరిగితే మళ్ళీ కట్టాలి. సైకిలుతో పాటు మొత్తం కారు స్ప్రింగుల మీద ఊగితే తలుపు వేయండి. ఇక ఆ సైకిలు సామాను కాదు, కారులో ఒక భాగం.